చెమటకి వాసన లేదు

విశాఖపట్నం గాజువాక దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో కొత్తగా చేరే కుర్రాళ్లకి నేను క్లాసులు చెబుతుంటాను. వెల్డింగ్ నేర్పేది వేరేవాళ్లు. నాకిచ్చిన గంటన్నర క్లాసు పేరు "వ్యక్తిగత శుభ్రత, మంచి అలవాట్లు, పనిలో పాజిటివ్ యాటిట్యూడ్". కిందటి మే నెలలో ఒకరోజు ఆఖరి బెంచీలో ఒక కుర్రాడు రెండు చేతులూ డొక్కలకి అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను కిందపడితే వంగి తీసుకున్నాడు గానీ మోచెయ్యి ఒంటిని వదల్లేదు. క్లాసయ్యాక పక్కకి పిలిచి అడిగాను. ముందురోజు సూపర్‌వైజర్ పదిమంది ముందూ "కాస్త స్నానం చేసి రావయ్యా" అన్నాడట.

"రోజుకి రెండుసార్లు తానం చేస్తన్నాను సార్. ఇంకేం చెయ్యాలో తెలవట్లేదు."

ఊరు పాడేరు అవతల. డ్యూటీలో చేరి అప్పటికి ఆరు రోజులు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. శుభ్రంగా ఉండండి, నీళ్లు తాగండి, నవ్వుతూ పని చెయ్యండి అని నేను చెప్పేవన్నీ ఆ అబ్బాయి తన చేతనైనంత మేరకు చేస్తూనే ఉన్నాడు. మరి తేడా ఎక్కడొచ్చింది? అది వెతుక్కుంటూ వెళ్తే నాకు దొరికింది ఇదీ.

మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి. వీటిలో అత్యధిక భాగం వదిలేది నీళ్లు, అందులో కాస్త ఉప్పు. నుదుటి మీద, వీపు మీద కారేది ఇదే. చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథులు వేరే రకం. అవి చిన్నతనంలో పని చెయ్యవు, యుక్తవయసు వచ్చాకే మొదలుపెడతాయి. అందుకే ఐదేళ్ల పిల్లాడు సాయంత్రమంతా ఆర్‌కే బీచ్‌లో ఇసకలో దొర్లి వచ్చినా ఒంటికి ఇసక ఉంటుంది గానీ పెద్దవాళ్ల చెమట కంపు ఉండదు. ఈ రెండో రకం చెమటలో కొవ్వులు, మాంసకృత్తులు కలిసి ఉంటాయి. విచిత్రమేమిటంటే, తాజాగా ఉన్నప్పుడు దీనిక్కూడా వాసన లేదు.

వాసన పుట్టించేది మన చర్మం మీద కాపురముండే బ్యాక్టీరియా. స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే రకం, చంక చెమటలోని వాసనలేని పదార్థం ఒకదాన్ని తన లోపలికి తీసుకుని, ఎంజైముతో తుంచి, గంధకం ఉన్న ఒక చిన్న అణువుని బయటికి వదులుతుంది. ఆ ఎంజైము నిర్మాణాన్ని ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో వెల్లడించారు. ఉల్లి, వెల్లుల్లి ఘాటు వెనక ఉన్నదీ గంధకమే. ఆ జాతి అణువులు గాలిలో రవ్వంత ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది.

కానీ ఎవరి వాసన వాళ్లకి తెలీదు. ఫిషింగ్ హార్బర్‌లోకి అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నవాళ్లు పావుగంట పోయాక అక్కడే నిలబడి తీరిగ్గా వంజరం బేరమాడుతుంటారు. ఒకే వాసన అదేపనిగా తగులుతుంటే ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది. రోజంతా తన ఒంటితోనే ఉండే మనిషికి తన చెమట కంపు తెలియకపోవడం నిర్లక్ష్యం కాదు. పైగా ఇందులో పుట్టుకతో వచ్చే వాటా కూడా ఉంది. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే చెవి గులిమి పొడిగా ఉంటుంది, చంక వాసన దాదాపు ఉండదు. కొరియా, చైనా, జపాన్‌లలో ఎక్కువమందికి ఆ మార్పు ఉంది, మనలో ఎక్కువమందికి లేదు. ఇవన్నీ తెలిసినవాడు ఎవరినీ పదిమందిలో నిలబెట్టి ఆ మాట అనడు. చెప్పాల్సి వస్తే పక్కకి పిలిచి, ఒకే ఒక్కసారి, మెల్లిగా చెబుతాడు.

ఇక మన ఊరి సంగతి. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట బొట్లు బొట్లుగా నేలమీద పడితే ఆ లాభం రాదు, నీళ్లూ ఉప్పూ పోవడమే మిగులుతుంది. విశాఖలో ఎండాకాలం గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలు విషయం. అప్పటికే తడిసి ఉన్న గాలి ఇంకా నీటిని ఎక్కడ తీసుకుంటుంది? అందుకే లోపలి జిల్లాల్లో 40 డిగ్రీలు ఓర్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ 35కే ఉక్కపోత భరించలేమంటారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకి చేరితే మనిషి శరీరం తనని తాను చల్లబరుచుకోలేదని చాలాకాలం అనుకునేవారు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, తేమ వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది.

పాడేరు చల్లటి కొండల నుంచి దిగివచ్చిన ఒంటికి ఈ ఉక్క కొత్త. అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ లోపల శరీరం చాలా నేర్చుకుంటుంది: చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్, వేడిలో పనికి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటిరోజు 20 శాతం పనే ఇచ్చి, ఆ తర్వాత రోజుకి 20 శాతానికి మించకుండా పెంచమంటుంది. మన షెడ్లలో మొదటిరోజే గ్రైండింగ్ మెషిన్ చేతికిచ్చి పన్నెండు గంటలు నిలబెట్టేస్తాం.

ఆ అబ్బాయి చొక్కా గురించి అడిగాను. యూనిఫాం ఒక్కటే జత, అదీ పాలిస్టర్ కలిసిన గుడ్డ. రాత్రి పదకొండింటికి ఉతికి రూములో ఫ్యాను కింద ఆరేస్తాడు. నలుగురుండే గది, ఒక్కటే కిటికీ. పొద్దున్నకి కాలరు, చంకలు, అంచు మడతలు చెమ్మగానే ఉంటాయి. అలాగే తొడుక్కుని వస్తాడు. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మంది చేత వ్యాయామం చేయించి, వాళ్ల చొక్కాల్ని 28 గంటలు పక్కన పెట్టి వాసన చూపించారు. నూలు చొక్కాల కన్నా పాలిస్టర్ చొక్కాలే ఘోరంగా ఉన్నాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరుగుతుందని తేలింది. ఆరీ ఆరని బట్టకి వచ్చే ముక్కిపోయిన వాసన ఇంకోటి. దానికి మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా కారణమని జపాన్ పరిశోధకులు 2012లో చెప్పారు. అది పొడిదనాన్నీ ఎండనీ కూడా కొంత తట్టుకోగలదు కాబట్టి ఉతికినా మళ్లీ తడి తగలగానే పైకి లేస్తుంది. వేడినీళ్లలో నానబెట్టి ఉతకడం, పూర్తిగా ఆరాక ఇస్త్రీ చెయ్యడం దానికి మందు. అంటే రెండుసార్లు స్నానం చేసి ఒళ్లు శుభ్రం చేసుకున్న మనిషి, నిన్నటి బ్యాక్టీరియాని మళ్లీ ఒంటికి చుట్టుకుని బయల్దేరుతున్నాడు. తప్పు స్నానంలో లేదు, రెండో చొక్కా లేకపోవడంలో ఉంది.

ఈ తడి బట్టలతోనే తామర అనే ఫంగస్ జబ్బు కూడా వస్తుంది. నాకు అన్నిటికన్నా బెంగ దీని గురించే. గజ్జల్లో, నడుము చుట్టూ ఎర్రటి ఉంగరాల్లా లేచి, రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. మందుల షాపుకెళ్లి "దురదకి ఏదైనా ఇవ్వండన్నా" అంటారు. చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్ కలిసిన క్రీము. రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గిపోతాయి, "భలే పనిచేసింది" అనుకుంటారు. స్టెరాయిడ్ చేసేది చర్మం ప్రతిఘటనని అణచడమే. కింద ఫంగస్ హాయిగా పాకుతుంటుంది. ఆపగానే రెండింతలై బయటపడుతుంది. ఒకప్పుడు తామరకి నమ్మకంగా వాడిన టెర్బినఫిన్ మందుకి లొంగని ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. భారత్, నేపాల్ రోగుల నుంచి తీసిన ఆ రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. దయచేసి చర్మ వైద్యుడికి చూపించండి. డబ్బు ఇబ్బందైతే విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ ఉంది. మచ్చ మాయమయ్యాక కూడా డాక్టరు చెప్పినన్ని వారాలు మందు వాడాలి. తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉండాలి, గదిలో ఇంకొకరికి ఉంటే వాళ్లూ వైద్యం చేయించుకోవాలి.

చేతుల దగ్గరికి వస్తే ఆటోనగర్ గుర్తొస్తుంది. గ్రీజు వదలడానికి అక్కడ చాలామంది మెకానిక్‌లు కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగి, పైన బట్టల సర్ఫ్ వేసి రుద్దుతారు. గ్రీజు పోతుంది, దాంతోపాటు చర్మానికున్న సొంత నూనె కూడా పోతుంది. చర్మం సహజంగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, సర్ఫ్ గట్టి క్షారం. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, కారం తగిలితే మండేది అందుకే. దీనికి నాకు నచ్చిన ఉపాయం కొబ్బరినూనె. నూనెని నూనే కరిగిస్తుంది. అర చెంచా పొడి చేతుల మీదే వేసుకుని, గోళ్ల చుట్టూ నిమిషంసేపు రుద్దితే నల్లగా జారిపోతుంది. పాతగుడ్డతో తుడిచి అప్పుడు సబ్బు పెట్టాలి. సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస కొవ్వుని. మిగిలిన జిడ్డుని చుట్టుముట్టి నీళ్లతో పంపేస్తుంది. కొన్ని వైరస్‌ల పైపొర కూడా కొవ్వే కాబట్టి వాటినీ అలాగే చీలుస్తుంది. ఇరవై సెకన్లు చాలు. జిడ్డు చేతుల మీద శానిటైజర్ రాసుకుని క్యారేజీ విప్పడం మాత్రం వద్దు, అది మురికి కిందికి దిగదు.

ఇప్పుడు పాజిటివ్ యాటిట్యూడ్. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతుల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వాళ్ల ఒంటి బరువులో కేవలం 1.36 శాతం నీరు తగ్గింది. తెలివికి పెట్టిన పరీక్షల్లో పెద్ద తేడా రాలేదు. కానీ తలనొప్పి వచ్చింది, ఏకాగ్రత కుదరలేదు, అదే పని ఎక్కువ కష్టంగా అనిపించింది, మనసు చిరాగ్గా మారింది. 60 కిలోల మనిషికి 1.36 శాతం అంటే సుమారు 800 మిల్లీలీటర్లు. మే నెలలో రేకుల షెడ్డు కింద గంట పనిలో అంత పోవచ్చు. పదకొండు గంటలప్పుడు "ఈ కుర్రాడు మొహం ముడుచుకుని ఉంటాడేమిటి" అనే ముందు, పొద్దున్నుంచి అతను ఎన్ని గ్లాసులు తాగాడో అడగాలి. మా ఉత్తరాంధ్రలో పెద్దలు పొద్దున్నే చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి తాగి పొలానికెళ్లేవారు. నీళ్లు, ఉప్పు, నెమ్మదిగా అరిగే పిండి మూడూ అందులోనే ఉన్నాయి.

ఆడవాళ్ల సంగతి ఇంకా బాధ. దుకాణాల్లో, షెడ్లలో నిలబడి పనిచేసే చాలామంది కావాలనే నీళ్లు తాగరు. ఎందుకంటే వెళ్లడానికి మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా గడియ పడదు. ఇలా ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే తాగునీరు, ఆడామగా వేరువేరుగా మరుగుదొడ్లు, చేతులు కాళ్లు కడుక్కునే చోటు యజమాని కల్పించాలని ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో చల్లటి నీళ్లివ్వాలనీ ఆ పాత చట్టంలో రాశారు. శుభ్రత మనిషి గుణమని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, అందులో సగానికి పైగా నీళ్లు, చోటు, పదినిమిషాల టైమే అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

నిద్ర కూడా ఇలాంటిదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపించిన ప్రకారం, వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతి నైపుణ్యం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03. రాత్రంతా సాగే సీ షిఫ్ట్ చేసి, పగలు రేకుల గదిలో ఎండవేడికి నిద్రపట్టక, మళ్లీ రాత్రి డ్యూటీకొచ్చే మనిషికి విసుగు పుట్టడం స్వభావంలో లోపం కాదు. కిటికీకి నల్లగుడ్డ, నేలమీద తడిచాప, ఫోన్ వేరే మూల, గదిలో మిగతావాళ్ల సహకారం ఉంటే ఓ రెండు గంటల నిద్ర ఎక్కువ దొరుకుతుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని షెడ్డు మేనేజరు దగ్గరికి వెళ్లాను. రెండో జత యూనిఫాం జూన్‌లో వచ్చింది, ఈసారి నూలు ఎక్కువున్న గుడ్డ. సూపర్‌వైజర్ ఆ అబ్బాయిని టీ దగ్గర కలిసి "ఆరోజు అలా అనకూడదు తమ్ముడూ" అన్నాడట, అది నేను అడగకుండానే జరిగింది. కంప్రెసర్ గది వెనక గోడకి నైలాన్ తాడు కట్టి, పక్కన ఒక కుళాయి పెట్టించాం. మధ్యాహ్నం సముద్రపు గాలి అటువైపు నుంచే వస్తుంది. భోజనాల వేళ పదీ పన్నెండు చొక్కాలు ఆ తాడు మీద చేతులు బార్లా చాచుకుని ఎగురుతుంటాయి, నాలుగింటికల్లా అంచు మడతలతో సహా ఆరిపోతాయి.