తాగునీటి మడ్డి సిమెంటు దాకా వచ్చిన దారి

బురదనీటిలో పటిక వేస్తే మన్ను అడుగుకు దిగి పైనీరు తేరుకుంటుందన్న సంగతి చాలా పాతది. దాన్ని పట్టణాలకు సరిపడే స్థాయిలో చేయడం మాత్రం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది. మన్నును గడ్డకట్టించే రసాయనం కలిపి వడపోసే పద్ధతికి ఐజయా స్మిత్ హయట్ 1884లో అమెరికాలో పేటెంటు పొందాడు. అలా పటిక వాడిన ప్రతిచోటా మంచినీటితోపాటు అల్యూమినియం హైడ్రాక్సైడ్, బంకమన్ను, సేంద్రియ పదార్థం కలిసిన జిగట మడ్డి కూడా పోగుపడింది. దశాబ్దాలపాటు దాన్ని తిరిగి నదిలోకే వదిలారు. నది నుంచి వచ్చింది నదికే పోతోందన్న వాదన సబబుగానే తోస్తుంది కానీ, మధ్యలో కలిపిన పటిక నది తెచ్చింది కాదు. అమెరికాలో 1972 నాటి జలకాలుష్య చట్టంతో అనుమతి లేకుండా ఇలా వదలడం కుదరకపోవడంతో, మడ్డిని ఆరబెట్టి పూడ్చే ఖర్చు నీటి సంస్థల మీద పడింది.

మడ్డిని పూడ్చే బదులు సిమెంటులో కలపవచ్చా అన్న ఆలోచనకు అప్పటికే ఒక ఉదాహరణ ఉంది. 1953లో అమెరికాలో పూర్తయిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో సిమెంటుకు బదులు కొంత ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద, వాడారు. ఆ బూడిదలో లాగే మడ్డిలోనూ సిలికా, అల్యూమినా ఉన్నాయి. అయితే పచ్చి మడ్డిని కలిపితే అందులోని సేంద్రియ పదార్థం సిమెంటు బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది, మిశ్రమం ఎక్కువ నీరు అడుగుతుంది, బలం తగ్గుతుంది. 600 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే సేంద్రియ పదార్థం పోయి, మిగిలిన పొడికి సిమెంటులోని సున్నంతో చర్య జరిపే గుణం వస్తుంది.

బలం సంగతి ఇలా తేలినా, మడ్డిలోని లోహాలు నీటిలోకి ఊరతాయా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నా దృష్టిలో ముందుగా అడగవలసింది ఇదే. అమెరికా పర్యావరణ సంస్థ 1990లో అమల్లోకి తెచ్చిన ఊట పరీక్షలో నమూనాను చిన్న ముక్కలు చేసి, ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో సుమారు 18 గంటలు తిప్పుతారు. అది చెత్తను పూడ్చే స్థలాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పరీక్ష, గోడ కోసం కాదు. పైగా సిమెంటులోని క్షారం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది కాబట్టి, ఫలితం బాగున్నంత మాత్రాన గోడ కూడా క్షేమమని అనుకోలేము. సీసం, జింకు వంటివి తీవ్రమైన క్షారంలోనూ కరుగుతాయి. మడ్డిని గాలి తగిలేలా కాల్చినప్పుడు అందులోని క్రోమియం కొంత విషపూరితమైన ఆరు వేలెన్సీ రూపానికి మారవచ్చు. అందుకే నెదర్లాండ్స్‌లో నిర్మాణ సామగ్రి కోసం అచ్చు ముక్కను పగలగొట్టకుండా 64 రోజులు నీటిలో ఉంచి, ఉపరితలం నుంచి ఎంత ఊరిందో కొలిచే పద్ధతిని ప్రమాణంగా తీసుకున్నారు.

ఆ పరీక్ష కూడా కట్టడం నిలిచి ఉన్నంత కాలానికే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఏళ్ల తరబడి కాంక్రీటు క్షారత తగ్గుతుంది, కూల్చాక ముక్కలు నేల మీద పడతాయి, అప్పుడు లోహాల నడత మారుతుంది. నీటి నుంచి విషపూరితమైన ఆర్సెనిక్‌ను తొలగించినప్పుడు వచ్చే మడ్డిని మామూలు పటిక మడ్డితో కలపకూడదని అనడానికి కారణం ఇదే. ఒకే శుద్ధి కేంద్రంలోనైనా వరద నీటి మడ్డి, ఎండాకాలపు మడ్డి ఒకటి కావు. కాబట్టి ఒక్కసారి తీసిన నమూనా ఏడాది పొడవునా వచ్చే మడ్డికి పూచీ కాలేదు.