అడిగేదెవరో అడగని చిరునామాల పుస్తకం

డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా, కొనేవారు తమ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇవ్వాలి. 2018 మే నెల వరకు, గోప్యత సేవ కొనుక్కోనివారి వివరాలు ఎవరికైనా కనిపించేవి. అప్పటి పద్ధతి ఇది: డొమైన్ యజమానుల వివరాలు చెప్పే హూఈజ్ అనే సేవ సర్వర్‌లో 43వ పోర్టుకు కనెక్ట్ కావాలి, డొమైన్ పేరున్న ఒక్క వరుస పంపాలి. సర్వర్ తన దగ్గరున్నదంతా మామూలు అక్షరాల్లో పంపి కనెక్షన్ మూసేస్తుంది. ఈ సంభాషణలో అడిగే మనిషి తానెవరో చెప్పుకునే చోటే లేదు. హూఈజ్ అంటే ‘ఎవరు’ అని అర్థం. ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకవైపే వేశారు.

ఇందులో మొదట తప్పేమీ కనిపించలేదు. 1982లో ఈ ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమావళి) రాసినప్పుడు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ అనేది అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచే చిన్న పరిశోధక లోకం. ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ (పూర్వపు స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్)లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఆ నెట్‌వర్క్‌కు టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. నెట్‌వర్క్ మీద సందేశాలు పంపగల ప్రతి వ్యక్తీ పూర్తి పేరు, తపాలా చిరునామా, ఫోన్ నంబరు నమోదు చేయించుకోవాలని ఆనాటి పత్రం కోరింది. ఏదైనా యంత్రం మొరాయిస్తే దాని బాధ్యుడికి ఫోన్ చేయాలి కదా. అంతా దాదాపు ఎరిగినవాళ్లే అయినప్పుడు దాపరికం అవసరం ఎవరికీ తట్టలేదు.

తర్వాత లోకం మారింది గానీ పుస్తకం మారలేదు. 1995 నుంచి డొమైన్లకు రుసుము వచ్చింది, 1998లో డొమైన్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ పుట్టింది, డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్ల మధ్య పోటీ మొదలైంది. వివరాలన్నీ బహిరంగంగా చూపించాలన్న షరతు మాత్రం ఐకాన్‌తో రిజిస్ట్రార్ల ఒప్పందాల్లోకి యథాతథంగా ఎక్కింది. అంతటితో ఆగలేదు. తొలి ఒప్పందాల ప్రకారం రిజిస్ట్రార్లు తమ దగ్గరున్న మొత్తం వివరాలను ఏడాదికి 10,000 డాలర్లకు మించని ధరకు టోకుగా ఇవ్వాల్సి ఉండేది. వాటిని స్పామ్ పంపడానికి వాడకూడదని షరతు ఉండేది. ఒకసారి చేతులు మారిన జాబితాను ఎవరు కాపలా కాస్తారో మాత్రం ఆ షరతు చెప్పలేకపోయింది.

ఫలితం ఊహించదగ్గదే. డొమైన్ కొన్న కొద్ది రోజులకే ‘మీ సైటు డిజైన్ చేస్తాం’ అంటూ ఫోన్లు, గడువు దగ్గరపడిందంటూ అచ్చం బిల్లులా కనిపించే నకిలీ ఉత్తరాలు వచ్చేవి. ప్రభుత్వాన్ని విమర్శించే బ్లాగరుకూ, వేధించే మనిషి నుంచి తప్పించుకు తిరిగే మహిళకూ ఇంటి చిరునామా బయటపడడం చిరాకుతో పోయేది కాదు. జనం తమకు తోచిన దారి చూసుకున్నారు: కొందరు అబద్ధం రాశారు, కొందరు రిజిస్ట్రార్ పేరు ముందుపెట్టే గోప్యత సేవకు డబ్బు కట్టారు. 23 లక్షలకు పైగా డొమైన్లు కళ్లకు కనిపించే తప్పుడు వివరాలతో ఉన్నాయని 2005లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ అంచనా వేసింది. నిజాయితీగా నిజం రాసి, డబ్బు కట్టలేనివారి వివరాలే అందరికీ దొరికాయన్నమాట.

అయినా ఈ పుస్తకం మంచివాళ్లకూ పనికొచ్చింది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నకిలీ బ్యాంకు సైటు ఒకటి పట్టుబడితే, దాన్ని నమోదు చేసిన ఈమెయిల్‌తో ఇంకెన్ని డొమైన్లు ఉన్నాయో భద్రతా పరిశోధకులు వెతికేవారు. పేరు అబద్ధమైనా అదే అబద్ధాన్ని పది చోట్ల రాస్తే చాలు, ఒక్క తీగ లాగితే డొంకంతా కదిలేది. పోలీసులూ ట్రేడ్‌మార్క్ న్యాయవాదులూ దీన్నే నమ్ముకున్నారు.

ఐరోపా డేటా రక్షణ అధికారులు 2003లోనే ఈ పద్ధతిపై అభ్యంతరం చెప్పారు. ఐకాన్ కమిటీల మీద కమిటీలు వేసింది. 2014లో నిపుణుల బృందం ఒకటి, అడిగేవారి పేరు అడగకుండానే ఎవరికైనా చూపించే పద్ధతిని వదిలేయాలని సూచించింది. కదిలించింది మాత్రం ఐరోపా సమాఖ్య వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైన జీడీపీఆరే. 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంత జరిమానా పడగలదనేసరికి రిజిస్ట్రార్లకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది: చూపిస్తే చట్టం, దాస్తే ఒప్పందం. చట్టం అమలుకు ఎనిమిది రోజుల ముందు, 2018 మే 17న, ఐకాన్ తాత్కాలిక నిబంధనలు ఆమోదించింది. వ్యక్తిగత వివరాల స్థానంలో ‘గోప్యత కోసం తొలగించాం’ అన్న వరుస వచ్చి చేరింది. చట్టం అమల్లోకి వచ్చిన మే 25నే, సాంకేతిక, పరిపాలక సంప్రదింపు వివరాలు ఇక సేకరించనన్న ఈపాగ్ అనే రిజిస్ట్రార్‌పై ఐకాన్ జర్మనీలో కోర్టుకెక్కింది. బాన్ కోర్టు అయిదు రోజుల్లోనే ఐకాన్ అభ్యర్థనను తోసిపుచ్చింది.

సాంకేతికంగా జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. 2015లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌డాప్ ప్రోటోకాల్, అడిగేవారిని గుర్తించి ఎవరికి తగినంత వారికి చూపించగలదు. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్లలో హూఈజ్ సేవ నడపడం తప్పనిసరి కాదు, దాని స్థానం ఆర్‌డాప్‌ది. తాళం వచ్చింది సరే, తాళంచెవి ఎవరికివ్వాలన్నదే తెగలేదు. 2023 నవంబరులో ఐకాన్ ప్రయోగాత్మకంగా తెరిచిన అభ్యర్థనల వ్యవస్థలో, దాచిన వివరాలు కావాలనేవారు తామెవరో, ఎందుకు కావాలో రాయాలి. అందులో చేరడం రిజిస్ట్రార్ల ఇష్టం, ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమూ వారిదే. ఐరోపా సమాఖ్య సైబర్ భద్రతా ఆదేశం ఎన్‌ఐఎస్-2 మాత్రం 72 గంటల్లో జవాబు చెప్పాలంటోంది.

ప్రాణాపాయం వంటి అత్యవసర అభ్యర్థనలకు ఎంత గడువు పెట్టాలన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఐకాన్ కొత్త నమోదు సమాచార విధానాన్ని ప్రచురించినప్పుడు ఆ గడువు నిబంధన అందులో లేదు. కారణం పాతదే: అర్ధరాత్రి ఒక రిజిస్ట్రార్‌కు ‘నేను పోలీసు అధికారిని’ అంటూ మెయిల్ వస్తే, ఆ మాట నిజమో కాదో ప్రపంచమంతటికీ పనికొచ్చేలా తేల్చే ఏర్పాటు లేదు.