పెద్ద కంపెనీలు, ఫ్రీ ఇంటర్నెట్: అపోహలు - వాస్తవాలు

నేను నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. సముద్ర కేబుల్ ఒడ్డుకి చేరే స్టేషన్ నుంచి టవర్ దాకా, అక్కడి నుంచి చిన్న ఐఎస్‌పీ (ఇళ్ళకి, ఆఫీసులకి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థ) ర్యాక్ దాకా లింకులు ప్లాన్ చేయడం నా పని. గూగుల్, మెటా (ఫేస్‌బుక్ సొంత కంపెనీ) లాంటి సంస్థలు పేద దేశాలకి ఇంటర్నెట్ ఎందుకు మోసుకెళ్తున్నాయన్న మాట ఎక్కడ వచ్చినా రెండే జవాబులు వినిపిస్తాయి. "పాపం, సేవ చేస్తున్నారు" అని కొందరు, "అంతా కుట్ర" అని మిగతావాళ్ళు. ఈ రెండిటి మధ్యా నలిగిపోయేది ఆ కంపెనీలతో ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి: స్కూలు నడిపేవాళ్ళు, చిన్న ఐఎస్‌పీ పెట్టుకున్నవాళ్ళు, మునిసిపాలిటీ ఆఫీసర్. వాళ్ళని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

అపోహ: "అంత పెద్ద కంపెనీ సేవ చేద్దామని వచ్చింది, మధ్యలో వదిలేసి పోదు"

వాస్తవం: పోతుంది, చాలాసార్లు పోయింది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కాబట్టి ఎక్కువసేపు దీని గురించే చెప్తాను.

ఆకాశంలో బెలూన్లు ఎగరేసి వాటి నుంచి ఇంటర్నెట్ ఇచ్చే గూగుల్ ప్రాజెక్టు లూన్ సంగతి చూడండి. 2013లో న్యూజిలాండ్‌లో ట్రయల్స్ మొదలయ్యాయి. 2017లో తుఫానుకి ప్యూర్టోరికో అతలాకుతలమైనప్పుడు ఆ బెలూన్లు నిజంగానే ఆదుకున్నాయి. 2020 జులైలో కెన్యాలో టెల్కామ్ కెన్యాతో కలిసి కమర్షియల్ సర్వీస్ మొదలుపెట్టారు, 2021 జనవరికల్లా మూసేస్తున్నామని ప్రకటించారు. నిలదొక్కుకునే వ్యాపారం కావాలంటే ఖర్చు ఎంత తగ్గాలో అంత తగ్గించలేకపోయామని వాళ్ళే చెప్పారు. పైనుంచి ఇంటర్నెట్ ఇవ్వాలని ఫేస్‌బుక్ తయారుచేసిన సోలార్ డ్రోన్ అక్విలా అయితే 2018లోనే ఆగిపోయింది. ఆ ప్రాజెక్టుల్లో ఇంజినీర్లు మనసు పెట్టే పనిచేశారు, అందులో నాకేమీ అనుమానం లేదు, కానీ ప్రాజెక్టు ఉండాలా వద్దా అని తేల్చేది వాళ్ళు కాదు కదా.

అందుకే ఎవరైనా "వీళ్ళ ఉద్దేశం మంచిదేనంటారా?" అని అడిగితే నేను ముందు ఇంకో విషయం చూడమంటాను. ఈ నెట్‌వర్క్ ఆ కంపెనీకి సొంత పనికి కావాలా, లేక కేవలం మన కోసం పెట్టిందా? సొంత పనికి కావాల్సింది నిలబడుతుంది. ఈక్వియానో, 2ఆఫ్రికా అనే సముద్ర కేబుళ్లు అలాంటివే. ఈక్వియానో గూగుల్‌ది, పోర్చుగల్ నుంచి దక్షిణాఫ్రికా దాకా వెళ్తుంది. మెటా భాగస్వాములతో కలిసి చేపట్టిన 2ఆఫ్రికా దాదాపు 45,000 కిలోమీటర్లు. వాళ్ళ సొంత ట్రాఫిక్ దేశాల మధ్య పారాలంటే ఇవి ఉండి తీరాలి.

ఇదే లెక్క చిన్న స్థాయిలో చూడాలంటే ఐఎస్‌పీ ర్యాక్‌లో ఉండే క్యాష్ సర్వర్ (ఎక్కువ వాడేవాటి కాపీలు దగ్గర్లోనే దాచిపెట్టే కంప్యూటర్) చూడండి. ట్రాఫిక్ తగినంత ఉంటే గూగుల్ లాంటి కంపెనీ ఆ బాక్సుని ఊరికే పంపిస్తుంది, కరెంటు, చోటు ఐఎస్‌పీవి. ఎక్కువమంది చూసే వీడియోలు అందులోకి చేరి ఉంటాయి. సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే టైమ్‌లో మానిటర్ ముందు కూర్చుంటే, కస్టమర్ల వైపు గీత నిటారుగా పైకి లేస్తుంది, బయటి లింకు గీత మాత్రం పెద్దగా కదలదు. కంపెనీకీ ఐఎస్‌పీకీ డేటాని దూరం నుంచి మోసే ఖర్చు మిగులుతుంది, వీడియో ఆగకుండా ఆడుతుంది. ఇందులో సేవా లేదు, కుట్రా లేదు. ఇద్దరికీ లాభం ఉంది కాబట్టి ఆ బాక్సు అక్కడ ఉంటుంది.

ఒక హెడ్మాస్టారు ఒకసారి ఫోన్ చేశారు. "బాబూ, మాకు ఫ్రీ వైఫై వస్తోందట, ఇక మీ లైన్ తీయించేద్దామా? ఫీజులు కట్టలేని పిల్లలు చాలామంది ఉన్నారు, ఆ డబ్బులన్నా మిగుల్తాయి" అన్నారు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. లైన్ తీయించకండి, చిన్న ప్లాన్‌కి మార్చుకోండి చాలు అని చెప్పాను. కొన్నాళ్ళకి ఆ ఫ్రీ వైఫై ఆగిపోయింది. ఆయన స్కూల్లో ప్లాన్ పెంచితే సరిపోయింది. పక్కనే లైన్ తీయించేసిన ఇంకో స్కూలుకి మాత్రం స్తంభాల పర్మిషన్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఈలోగా పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ఫారాలు టీచర్లు సొంత ఫోన్ల నుంచి నింపారు.

కాబట్టి ఒప్పందం చదివేటప్పుడు ఫైబర్ ఎవరి పేరు మీద ఉందో, ఆపేయాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, వెళ్ళిపోతే పరికరాలు ఎవరికి మిగులుతాయో చూసుకోండి. భారత్‌లో రైల్వే స్టేషన్ల ఫ్రీ వైఫై నుంచి గూగుల్ తప్పుకుంటున్నట్టు 2020లో చెప్పింది, మొబైల్ డేటా చౌకైపోయిందన్నది వాళ్ళ కారణం. అయినా స్టేషన్లలో వైఫై ఆగలేదు, ఎందుకంటే కింద ఉన్న ఫైబర్ రైల్వేల సొంత టెలికాం సంస్థ రైల్‌టెల్‌ది.

అపోహ: "పేదవాళ్ళ దగ్గర వాళ్ళకి వచ్చేదేముంది, సేవే అయ్యుంటుంది"

వాస్తవం: ఈరోజుకి వచ్చేది తక్కువే. మెటాకి అమెరికా, కెనడాల్లో ఒక్కో యూజర్ మీద వచ్చే ఆదాయం ఆసియాలో వచ్చేదానికి పది రెట్ల పైనే. కానీ అక్కడ కొత్తగా చేరేవాళ్ళు దాదాపు లేరు. రేపు పెరగాల్సింది ఇక్కడే, ముందుగా అలవాటైన యాప్‌నే మనిషి వదలడు కూడా.

అపోహ: "అంతా కుట్రే, అసలు రానివ్వకూడదు"

వాస్తవం: 2024 మార్చిలో ఐవరీ కోస్ట్ తీరం దగ్గర నాలుగు సముద్ర కేబుళ్లు ఒక్కసారే దెబ్బతిని పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాలు విలవిల్లాడాయి. ఈక్వియానోకి ఏమీ కాలేదు, చాలా ట్రాఫిక్ దాని మీదకే మళ్ళించారు. ఆరోజు పనికొచ్చింది ఆ కంపెనీ కేబులే. వద్దనాల్సినవి వేరే ఉన్నాయి. కొన్ని సైట్లే ఫ్రీగా చూపించే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ లాంటివి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో అలా సైటుని బట్టి డేటా ధర మార్చే టారిఫ్‌లని నిషేధించి మంచి పని చేసింది. మయన్మార్‌లో చాలామందికి ఫేస్‌బుకే ఇంటర్నెట్ అయిపోయింది, అక్కడి మైనారిటీ ముస్లింలైన రోహింగ్యాల మీద ద్వేషం అందులో ఎలా పాకిందో 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం వివరంగా రాసింది.

అపోహ: "సిగ్నల్ వస్తే చాలు, అందరూ వాడేస్తారు"

వాస్తవం: మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్‌ఎంఏ లెక్క ప్రకారం సిగ్నల్ ఉండి కూడా మొబైల్ ఇంటర్నెట్ వాడనివాళ్ళు సుమారు 300 కోట్ల మంది. సిగ్నలే లేనివాళ్ళు 40 కోట్లలోపు. ఫోన్ ధర, చదువు, సొంత భాషలో సమాచారం లేకపోవడం, వీటిని ఏ బెలూనూ తీర్చలేదు.

అపోహ: "కేబుల్ వాళ్ళదైతే మన మెసేజ్‌లన్నీ చదివేస్తారు"

వాస్తవం: ఈ పుకారు నమ్మి కనెక్షనే తీయించుకున్నవాళ్ళని చూశాను, చాలా బాధేసింది. ఇప్పుడు బ్రౌజర్, బ్యాంకు యాప్, మెసేజింగ్ యాప్ దాదాపు అన్నిట్లోనూ సమాచారం ఎన్‌క్రిప్ట్ అయ్యే (మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మారే) వెళ్తుంది, కేబుల్ ఓనర్‌కి లోపలి మాటలు కనబడవు. మీ సమాచారం వెళ్ళేది మీరు ఓకే నొక్కిన యాప్‌ల ద్వారా. ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరిచి, లొకేషన్, కాంటాక్ట్స్, మైక్ అక్కర్లేని యాప్‌లకి ఆఫ్ చేసేయండి, కనెక్షన్ మాత్రం ఉంచుకోండి.