లైడార్ లెక్కలో అరవై ఏళ్ల చిక్కు

ఆకాశంలోకి లేజర్ మెరుపు వదిలి, తిరిగొచ్చిన వెలుగును టెలిస్కోపుతో పట్టడమే లైడార్ పని. ఒక మైక్రోసెకనులో తిరిగొస్తే దూరం 150 మీటర్లు. ఎత్తు చెప్పడంలో దానికి తిరుగులేదు. ఆ ఎత్తులో పొగ, ధూళి ఎంత ఉందన్న దగ్గరే పేచీ. కణాలు వెనక్కి తిప్పిన వెలుగు, దారిలో పోగొట్టుకున్న వెలుగు రెండూ ఒకే సిగ్నల్‌లో కలిసిపోయి వస్తాయి. పోయినదానికీ వెనక్కి తిరిగినదానికీ ఉండే లైడార్ నిష్పత్తిని ముందే ఊహించుకుంటే తప్ప లెక్క కదలదు.

మొదట్లో ఇది ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. 1963లో ఎం.ఐ.టి.లో ఫియోకో, స్మలిన్ రూబీ లేజర్‌తో పైవాతావరణం నుంచి ప్రతిస్పందన పట్టారు. ఆ ఏడాదే బాలిలో అగుంగ్ అగ్నిపర్వతం పేలింది. 1964లో ఫియోకో, గ్రామ్స్ సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున ఏరోసాల్ (గాల్లో తేలే సన్నటి కణాలు) పొరను చూపించారు. పొర పలచన కాబట్టి, దారిలో పోయేది పెద్దగా లెక్కలోకి రాలేదు.

కింది మేఘాల మీద, నగరాల మసక మీద ప్రయోగించాక తంటా మొదలైంది. కింది నుంచి పైకి లెక్క కడుతూ పోతే చిన్న తప్పు మెట్టుమెట్టుకూ పెరిగి, అర్థంలేని విలువలు వచ్చేవి. 1981లో క్లెట్ అనే శాస్త్రవేత్త లెక్క దిశ తిప్పాడు: పైన ఒకచోట విలువ పెట్టుకుని కిందికి దిగుతూ వస్తే, తప్పు తగ్గుతూ పోతుంది. నిష్పత్తి మాత్రం ఊహగానే మిగిలింది. 1990 నాటి రామన్ పద్ధతి దాన్ని కొలవనిచ్చింది. 532 నానోమీటర్ల వెలుగు పంపితే నైట్రోజన్ నుంచి 607 దగ్గర తిరిగొచ్చేదాన్ని విడిగా చూస్తే, దారిలో పోయినదెంతో నేరుగా తెలుస్తుంది. కాకపోతే ఆ సిగ్నల్ చాలా బలహీనం. ఎండ వెలుగులో మునిగిపోతుంది కనుక ఎక్కువగా రాత్రిళ్లే పని.

మేఘాలకు ఇంకో చిక్కు ఉంది: అవి నీటివా, మంచువా అన్నది. 1998లో జపాన్ సహకారంతో తిరుపతి దగ్గరి గాదంకిలో పెట్టిన లైడార్, వచ్చిన వెలుగును రెండు ధ్రువణాలుగా, అంటే వెలుగు తరంగం ఊగే దిశను బట్టి, విడదీసి చూస్తుంది. గుండ్రటి నీటి బిందువులు ధ్రువణాన్ని చెడగొట్టవు, మంచు స్ఫటికాలు చెడగొడతాయి. అయితే పడుకుని తేలే పలక స్ఫటికాలు అద్దాల్లా మెరిసి నీటిమేఘంలా నటిస్తాయి. లైడార్ మోసుకెళ్లిన కాలిప్సో ఉపగ్రహంలోనూ ఇదే జరగడంతో, 2007 నవంబరులో దాని చూపును నిట్టనిలువు గీతకు 0.3 డిగ్రీల నుంచి 3 డిగ్రీలకు వంచారు.

2006 ఏప్రిల్‌లో ఎగిరిన ఆ కాలిప్సో, లైడార్ నిష్పత్తిని సాధారణంగా పట్టికలోంచే తీసుకునేది: మొదట్లో సముద్రపు కణాలకు 20, ఎడారి ధూళికి 40, పొగకు 70 స్టెరేడియన్లు (ఈ నిష్పత్తికి వాడే కొలమానం). రకం తప్పుగా గుర్తిస్తే ఏరోసాల్ మందం (అది వెలుగును ఎంత అడ్డుకుంటుందన్న కొలత) అంకె రెట్టింపో సగమో అయిపోతుంది. తర్వాతి వెర్షన్‌లో మొదటి రెండూ 23, 44 అయ్యాయి. అంటే లోపం పరికరంలో కాదు, పట్టికలో.

2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహపు లైడార్‌కు ఆ పట్టికతో అంత అవసరం లేదు. వేగంగా కదిలే గాలి అణువులు 355 నానోమీటర్ల లేజర్ వెలుగు వర్ణపట గీతను వెడల్పు చేస్తాయి, బరువైన కణాలు చేయవు. సన్నటి ఫిల్టర్ ఆ రెంటినీ విడగొడుతుంది. దట్టమైన మేఘంలోకి మాత్రం ఆ లేజరూ దూరలేదు కనుక, అదే ఉపగ్రహంలో రాడార్‌ను కూడా పెట్టారు.