తెల్ల ఓడ ఎవరి కోసం?

అమెరికా నౌకాదళ ఆసుపత్రి ఓడ ఎక్కడికైనా బయల్దేరుతోందంటే చాలు, పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. వెళ్లేది వైద్యానికా, పరపతికా? మెర్సీ, కంఫర్ట్ అనే రెండు చమురు ట్యాంకర్లు వెయ్యేసి పడకల ఆసుపత్రులుగా ఎలా మారాయో, గల్ఫ్ యుద్ధానికి ఎందుకు వెళ్లాయో చాలాసార్లు రాసిందే. ఇప్పటి గొడవకు మూలం 2005లో ఉంది.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. మెర్సీ శాన్ డియాగో నుంచి కదిలింది జనవరి 5న. ఇండోనేషియాలోని బండా అచె తీరానికి చేరేసరికి ఫిబ్రవరి వచ్చేసింది. అల దెబ్బకు బతకాల్సినవాళ్లు బతికారు, పోవాల్సినవాళ్లు పోయారు. మురికినీరు లోపలికి పోయి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు, అంతకుముందు నుంచే వైద్యం అందనివాళ్లు మిగిలారు. ఓడ వాళ్లను చూసింది, బాగానే చూసింది.

అయితే వాషింగ్టన్ దృష్టి వేరే లెక్క మీద పడింది. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ చేసిన సర్వే ప్రకారం 2003లో అమెరికా అంటే మంచి అభిప్రాయం ఉన్న ఇండోనేషియన్లు 15 శాతం, 2005లో 38 శాతం. ఆ మార్పుకు కారణం ఒక్క ఓడే కాదు, సునామీ సాయం మొత్తం. కానీ ఫొటోలో అందంగా పడేది ఎర్ర శిలువ ఉన్న తెల్ల ఓడే కదా! 2006 నుంచి పసిఫిక్‌లో, 2007 నుంచి లాటిన్ అమెరికాలో విపత్తు లేకపోయినా క్యాలెండర్ ప్రకారం యాత్రలు మొదలయ్యాయి. 2008లో చైనా కూడా తన ఆసుపత్రి ఓడ 'పీస్ ఆర్క్'ను సేవలోకి తెచ్చింది.

స్థానిక డాక్టర్ల ఫిర్యాదు కూడా ఆ క్యాలెండర్ నుంచే వస్తుంది. ఓడ ఒక రేవులో ఉండేది కొద్ది రోజులే. అందుకే శుక్లాలు, హెర్నియా, గ్రహణం మొర్రి లాంటి ఆపరేషన్లు ఎక్కువ చేస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు కొన్నాళ్లకు సరిపడా మాత్రలిస్తారు. అవి అయిపోయాక రోగి మళ్లీ ఊరి ఆసుపత్రి గుమ్మం దగ్గరే నిలబడాలి. ఎవరికి ఏ వైద్యం అందాలన్నది ఓడ వెళ్లిపోయే తేదీ నిర్ణయిస్తోంది.

దీనికి జవాబుగా నౌకాదళం 2010 హైతీని చూపిస్తుంది. భూకంపం వచ్చిన 8 రోజులకే కంఫర్ట్ అక్కడుంది, నలిగిపోయిన కాళ్లూ చేతులకు ఆపరేషన్లు చేసింది. అది నిజం. కానీ 2017లో మరియా తుపాను తర్వాత ప్యూర్టోరికోలో, రోగులను ఓడకు పంపే రిఫరల్ పద్ధతి చిక్కుల వల్ల అదే ఓడ పడకలు చాలావరకు ఖాళీగా ఉండిపోయాయి. 2020లో న్యూయార్క్‌లో మొదట కోవిడ్ రోగులను వద్దన్నారు, తర్వాత రూలు మార్చారు. వెయ్యి పడకల ఓడ అక్కడ చూసిన మొత్తం రోగులు 182 మంది.

ఇప్పుడు తక్కువ లోతు రేవుల్లోకీ వెళ్లగల బెథెస్డా తరగతి చిన్న ఓడలకు ఆర్డర్ ఇచ్చారు. ఒడ్డుకు దగ్గరగా ఆగడం వీటికి తేలికవుతుంది. ఎన్నాళ్లు ఆగాలన్నది మాత్రం యాత్ర షెడ్యూల్ చేతిలోనే ఉంటుంది.