కెన్యా, అమెరికా క్యాంపులు: లాంగ్ డిస్టెన్స్ రన్నర్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో, ఒంగోలు, కావలి, కందుకూరు గ్రౌండ్లలో తెల్లవారుజామున పరిగెత్తే పిల్లల్లో ఎక్కువమంది పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం వచ్చేవాళ్లే. వాళ్లలో ఒకరిద్దరికి 5,000, 10,000 మీటర్ల మీద గురి కుదురుతుంది. మన స్టీపుల్‌చేజ్ రన్నర్ అవినాశ్ సాబ్లే అమెరికాలోని ఎత్తైన ఊరు కొలరాడో స్ప్రింగ్స్‌లో శిక్షణ తీసుకున్నాడని, మన రన్నరే అయిన గుల్వీర్ సింగ్ 2025 మార్చిలో కాలిఫోర్నియాలో 10,000 మీటర్లు 27 నిమిషాల 0.22 సెకన్లలో పరిగెత్తాడని తెలిశాక, అప్పు చేసైనా బిడ్డను అలాంటి క్యాంపుకు పంపుదామా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. ఆ అప్పు చేసేముందు ఇది చదవండి.

అపోహ: ఎత్తైన ఊరికి వెళ్తే చాలు, టైమింగ్ దానంతటదే తగ్గుతుంది.

రన్నర్లు శిక్షణకు వెళ్లే కెన్యా ఊరు ఇటెన్ దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ. దాంతో మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి, ఎముక మజ్జ ఎర్ర రక్తకణాలను తయారు చేస్తుంది. ఈ పనికి ఇనుము కావాలి. శరీరంలో ఇనుము నిల్వ లేనివాళ్లు నెల రోజులు ఉన్నా అలసట తప్ప మిగిలేది తక్కువ. నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. హిమోగ్లోబిన్ 14 ఉంది కదా అని ధీమాగా ఉండకండి, నిల్వ అడుగంటినా అది కొంతకాలం మామూలుగానే కనిపిస్తుంది. బయల్దేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఫెరిటిన్ చూపించుకోవాలి. 30 లోపు ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాతే టికెట్. జ్వరం తగ్గిన వారంలో పరీక్ష చేయిస్తే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది.

ఒక అలవాటు మాత్రం పూర్తిగా మానాలి. నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకోవడం మన దగ్గర మామూలు. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఎక్కించడం, ఆసుపత్రి చికిత్సలో భాగమైతే తప్ప, డోపింగ్ నిబంధనలకు విరుద్ధం. సీసాలో ఉన్నది ఉప్పునీరే అయినా అంతే. ఒక్క సీసా 500 మిల్లీలీటర్లు.

అపోహ: ఉదయగిరి కొండ మీద ఉన్నా, బెంగళూరులో ఉన్నా అదే ఫలితం.

రెండూ వెయ్యి మీటర్ల లోపే. ఉదయగిరి దుర్గం ఎక్కితే కాళ్లకు బలం వస్తుంది, రక్తంలో మార్పు రాదు. అందుకు కనీసం 2,000 మీటర్ల ఎత్తు, మూడు నాలుగు వారాల సమయం కావాలి. ఊటీ 2,240 మీటర్లు. చెన్నై వెళ్లి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మెట్టుపాళయం దాకా రైలే. పాస్‌పోర్టు కోసం పరుగులు పెట్టేముందు అక్కడ మూడు వారాలు ఉండి చూడండి. ఎత్తు అందరి ఒంటికీ ఒకేలా పట్టదు, కొందరికి అస్సలు పట్టదు. ఆ సంగతి తక్కువ ఖర్చులో తేలిపోతుంది.

అపోహ: కెన్యన్లు రోజూ ప్రాణం పెట్టి పరిగెత్తుతారు.

ఈజీ రన్‌ను వాళ్లు కిలోమీటరు ఆరేడు నిమిషాలతో మొదలుపెడతారు. మనవాళ్లు మొదటి రోజే గుంపు ముందుకు వెళ్లి, నాలుగో రోజుకు మంచం పడతారు. వెళ్లిన తొలి వారం ఇంటర్వల్స్ (మధ్యలో విరామాలిస్తూ కొట్టే వేగపు పరుగులు) వద్దు. నిద్ర సరిగ్గా పట్టదు, ఊపిరి వేగం వల్ల, పొడి గాలి వల్ల ఒంట్లో నీరు తెలియకుండా పోతుంది. తర్వాత కూడా లెక్క మార్చుకోవాలి. ఇక్కడ 1,000 మీటర్లు 3 నిమిషాల్లో, 90 సెకన్ల విరామంతో ఆరుసార్లు కొట్టేవాళ్లు అక్కడ 3:10 నుంచి 3:15 దాకా తీసుకుని, విరామం రెండున్నర నిమిషాలు పెట్టుకోవాలి. పాత టైమింగే పట్టుకుని వేలాడితే ఆ వారమంతా పోతుంది.

అపోహ: క్యాంపు నుంచి దిగగానే ఏ పోటీలోనైనా దున్నేయొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇటెన్‌లో పగలు చల్లగానే ఉంటుంది. నెల రోజులు అక్కడ ఉంటే మన ఉక్కపోతకు అలవాటుపడిన ఒళ్లు ఆ అలవాటు మరిచిపోతుంది. చెమట ఆలస్యంగా పడుతుంది, గుండె వేగం ముందే పెరుగుతుంది. నేరుగా దిగి చెన్నైలోనో విజయవాడలోనో పోటీకి నిలబడితే, పెరిగిన రక్తం ఉన్నా ఏడో కిలోమీటరుకే ఆగిపోతారు. వేడికి మళ్లీ అలవాటు పడాలంటే 10 నుంచి 14 రోజులు కావాలి. ఎత్తులో వచ్చిన లాభం మూడు నాలుగు వారాల్లో కరిగిపోతుంది. అంటే వేడి ఊళ్లో పోటీ ఉంటే సరిగ్గా రెండు, రెండున్నర వారాల ముందు దిగడం మేలు.

ఆ రోజుల్లో కష్టమైన వర్కవుట్ తెల్లవారుజామునే చేయాలి. వేడి అలవాటుకు సాయంత్రం నాలుగున్నరకు మైపాడు, కొత్తపట్నం రోడ్ల మీద గంటలోపు ఈజీ రన్ చాలు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పరిగెత్తడం శిక్షణ కాదు, వడదెబ్బను పిలుచుకోవడమే. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. 55 కిలోల మనిషి 1.1 కిలోలకు మించి తగ్గితే తాగింది చాలలేదని అర్థం. ఉత్త నీళ్లే కడుపు నిండా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, ఓఆర్‌ఎస్ కలుపుకోండి.

అపోహ: అమెరికా యూనివర్సిటీలో సీటు వస్తే అంతా ఉచితం.

పూర్తి స్కాలర్‌షిప్ అరుదు. కోచ్ ఉన్న డబ్బును చాలామందికి ముక్కలుగా పంచుతాడు. పైగా శీతాకాలం ముందు క్రాస్ కంట్రీ, తర్వాత ఇండోర్, వసంతంలో అవుట్‌డోర్, మూడింటిలోనూ జట్టుకు పాయింట్లు తేవాలి. ఎంత ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు, గాయమైతే ఏమవుతుంది అన్నది కాగితం మీద రాయించుకోకుండా విమానం ఎక్కొద్దు.

అపోహ: డోప్ పరీక్ష పోటీ రోజే ఉంటుంది.

పరీక్ష చేసేవాళ్లు ఎక్కడికైనా, ఎప్పుడైనా రావచ్చు. రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో, అంటే తరచూ పరీక్షించే ఆటగాళ్ల జాబితాలో ఉన్నవాళ్లు రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే తెలపాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే నిషేధం పడుతుంది. ఇటెన్‌లో చాలా ఇళ్లకు నంబర్లు ఉండవు, కాబట్టి గేటు గుర్తు, దగ్గరి బడి పేరు, ఇంటివాళ్ల ఫోన్ కూడా ఆ వివరాలు తెలిపే యాప్‌లో రాయాలి. కెన్యా టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, గంట ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి.

తిండి గురించి బెంగ అక్కర్లేదు. అన్నం, చపాతీ, బీన్స్ దొరుకుతాయి. అక్కడ ఎండెంగు అనేది మన పెసలే. కానీ కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి.