ఇంటి రక్షణకు గన్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల మన వాళ్ల ఇంట్లో బంగారం పోయిందని తెలిస్తే చాలు, ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అన్నా, ఏ గన్ కొనమంటావు? ఏ బుల్లెట్లు మంచివి?" నేను ఇక్కడ గన్ ట్రైనింగ్ క్లాసులు చెబుతాను కాబట్టి అడగడంలో తప్పు లేదు. వాళ్ల భయం నిజం. రాత్రి పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని నిద్ర పట్టక ఫోన్ చేసిన తల్లులు ఉన్నారు. కానీ నేను ముందు అడిగేది ఒకటే: "మీ బెడ్‌రూమ్ తలుపువైపు గురి పెడితే, ఆ తలుపు వెనక ఎవరు పడుకుంటారు?" చాలామంది అక్కడే ఆగిపోతారు.

అపోహ: గురి తప్పినా గోడకే కదా తగిలేది.

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. మనం ఇటుక గోడల మధ్య పెరిగాం. ఊళ్లో క్యాలెండర్ తగిలించడానికి మేకు కొడితే మేకే వంగిపోయేది. గోడ అనగానే మన మనసులో ఉండేది ఆ గోడే. ఇక్కడ రెండు గదుల మధ్య ఉండేది అటొకటి ఇటొకటి అరంగుళం డ్రైవాల్ (జిప్సం పలక), మధ్యలో మూడున్నర అంగుళాల ఖాళీ. పిల్లాడు సైకిల్‌తో గట్టిగా గుద్దితే బొక్క పడుతుంది.

ఒకసారి స్నేహితుడి పొలంలో మిగిలిపోయిన డ్రైవాల్ ముక్కలతో ఇంట్లో ఉన్నట్టే నాలుగు గోడలు వరసగా నిలబెట్టి, వెనక మట్టికట్ట ఉండేలా చూసుకుని 9 ఎంఎం హాలో పాయింట్ (ముందు గుంత ఉండే బుల్లెట్) కాల్చాను. నాలుగూ దాటి మట్టిలో దిగింది. తవ్వి తీసి చూస్తే బుల్లెట్ ముందు ఉండే గుంతలో తెల్లటి జిప్సం గట్టిగా కూరుకుపోయి ఉంది. ఆ గుంత ఒంట్లో పువ్వులా విచ్చుకోవడానికి పెట్టింది. పొడి నిండిపోయేసరికి విచ్చుకోలేదు, మామూలు బుల్లెట్‌లా దూసుకుపోయింది. ఆ బుల్లెట్ ఇప్పటికీ నా షూటింగ్ రేంజ్ బ్యాగ్‌లో ఉంది. ప్రతి క్లాసులో చేతికిచ్చి చూడమంటాను.

"మరి గోడ దాటని బుల్లెట్ ఏది?" అంటారు. మనిషిని ఆపగలిగి, డ్రైవాల్ దగ్గర ఆగిపోయే బుల్లెట్ లేదు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత ప్రకారం బుల్లెట్ ఒంటి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. అంత దిగేది అంగుళం జిప్సం దగ్గర ఎలా ఆగుతుంది? షాట్‌గన్‌లో వేసే బక్‌షాట్ (పెద్ద గుళ్లు) కూడా గోడలు దాటుతుంది. "అందుకే బర్డ్‌షాట్ వేసుకున్నా అన్నా" అంటారు కొందరు. ఆ చిన్న గుళ్లు గదిలో ఉండే దూరానికి ముద్దలా వెళ్లి గోడకు చిల్లు పెడతాయి, మనిషిలో మాత్రం సరిపోయేంత లోతు దిగవు. రెండు పనుల్లో ఒక్కటీ చెయ్యవు.

అయినా ఇంట్లో పెట్టేది మంచి కంపెనీ హాలో పాయింటే అయ్యుండాలి. తగలాల్సిన చోట తగిలితే ఒంట్లో విచ్చుకుని వేగం పోగొట్టుకుంటుంది, అటువైపు నుంచి బయటికొచ్చే అవకాశం తగ్గుతుంది. చవగ్గా దొరికే పూర్తి రాగి తొడుగు బుల్లెట్లు రేంజ్‌లో ప్రాక్టీసుకే. హాలో పాయింట్ చట్టవిరుద్ధం అనే పుకారు ఒకటి ఎప్పుడూ తిరుగుతుంటుంది. 1899 హేగ్ ఒప్పందం విచ్చుకునే బుల్లెట్లను నిషేధించింది యుద్ధాల్లో. వాటికి డమ్ డమ్ బుల్లెట్లనే పేరొచ్చింది మన కలకత్తా పక్కనున్న డమ్ డమ్ ఆయుధ కర్మాగారం వల్లే. టెక్సాస్‌లో మీ ఇంట్లో పెట్టుకోవడానికి దానితో సంబంధం లేదు.

ఇంకో సంగతి. దొంగ మీద కాల్చడం చట్టప్రకారం సరైనదే అయినా, నిర్లక్ష్యంగా కాల్చిన బుల్లెట్ ఏ పాపం ఎరుగని మూడో మనిషికి తగిలితే ఆ రక్షణ పనికిరాదని టెక్సాస్ పీనల్ కోడ్ 9.05 సెక్షన్ చెబుతుంది. "మన ఇంట్లోకొస్తే చట్టం మన వైపే" అనేవాళ్లు దీన్ని చదవాలి.

ఫ్రిస్కోలో ఒకళ్లింటికి వెళ్లాను. గన్ కొనేముందు ఇల్లు చూడమన్నారు. ఆయన్ని మంచం పక్కన నిలబెట్టి లేజర్ పాయింటర్ ఇచ్చి తలుపు మీద వెయ్యమన్నాను. ఎర్ర చుక్క తలుపు మీద పడింది. తలుపు తీశాం. చుక్క ఎదురు గోడ మీదికి వెళ్లింది. ఆ గోడకు అవతల వాళ్ల పాప మంచం, సరిగ్గా దిండు వైపు. ఆయన ఏమీ మాట్లాడకుండా మంచం మీద కూర్చుండిపోయారు. ఆ రోజు గన్ సంగతి ఎత్తలేదు. పాప మంచం వేరే గోడకు జరిపాం. గురి ఇటుక ఫైర్‌ప్లేస్ వైపు ఉండేలా ఆయన ఎక్కడ నిలబడాలో, పాపను ఎవరు తెచ్చుకోవాలో, 911కి ఎవరు ఫోన్ చెయ్యాలో తేల్చుకున్నాం.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

షాట్‌గన్‌కి గురి అక్కర్లేదనేది అబద్ధం. గదిలో ఐదు గజాల దూరానికి గుళ్లు అరచేయంత మేర కూడా సరిగ్గా విచ్చుకోవు. గురి చూడాల్సిందే.

ఆడవాళ్లకు బుల్లి పిస్టలే తేలికని కొనిపెట్టడం. చిన్న గన్ కాల్చినప్పుడు చేతిలో ఎక్కువ ఎగురుతుంది, స్లైడ్ (పైన వెనక్కి లాగే భాగం) లాగడమూ కష్టమే. ఓ మోస్తరు సైజు 9 ఎంఎం తేలిక. ఆవిడ చేతికి ఏది సరిపోతుందో ఆవిడే రేంజ్‌లో పట్టి చూసుకోవాలి.

2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండా గన్ వెంట ఉంచుకోవచ్చు కాబట్టి అందరూ కొనొచ్చు అనుకోవడం. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లకు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల దాకా శిక్ష. దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులున్నాయి, కానీ వాట్సాప్‌లో ఎవరో చెప్పారని కాకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే అడుగు వెయ్యండి. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం ఇంకో నేరం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

దిండు కింద గన్ వద్దు. పిల్లలున్న ఇంట్లో మంచం పక్కన వేలితో తెరుచుకునే చిన్న సేఫ్ ఉండాలి.

ఇక లైటు. మా అమ్మ మొదటిసారి ఒంగోలు నుంచి వచ్చిన వారం. రాత్రి మూడింటికి కింద ఏదో గిన్నె చప్పుడైంది. నా వేలు సేఫ్ మీదికి వెళ్లింది. "ముందు లైటు వేసి ఎవరో చూడండి" అని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పే మాటే గుర్తొచ్చి ముందు టార్చ్ తీసుకున్నాను. మెట్ల మీద నుంచి వేస్తే కిచెన్‌లో చీకట్లో అమ్మ. నిద్ర పట్టక, మమ్మల్ని లేపకూడదని లైటు వెయ్యకుండా పాలు కాచుకుంటోంది. "ఏంట్రా, నువ్వూ లేచావా? కాఫీ పెట్టనా?" అంది. నా కాళ్లు వణుకుతున్నాయి. మెట్ల మీదే కూర్చున్నాను. ఆ వీకెండే కిచెన్‌లో, హాల్లో, మెట్ల దగ్గర రాత్రంతా వెలిగే చిన్న లైట్లు పెట్టాను.